అనుదిన నడక: డ్యూటీ వేళల్లో దేవుని జ్ఞాపకం



2008 మార్చి 23వ తేదీని హైదరాబాదువారు విమానాల సంగతిగా జ్ఞాపకముంచుకున్నారు. శనివారం అర్ధరాత్రి దాటగానే బేగంపేటలో ప్రయాణికుల విమానాలు నిలిచిపోయి, శంషాబాదులోని క్రొత్త విమానాశ్రయం పని మొదలుపెట్టింది. జర్మనీ దేశంలోని ఫ్రాంక్‌ఫర్టు నుండి వచ్చిన విమానం ఆ రాత్రే అక్కడ దిగింది. ఆ తెల్లవారిన ఆదివారం ఏమిటో పాత క్యాలెండరు తిరగేస్తే తెలుస్తుంది. అది ఈస్టరు పండుగ. మన సంఘాలు చీకటితోనే లేచి, తెల్లబట్టలు కట్టుకొని, తెల్లవారుజాము ఆరాధనకు బయలుదేరే వేళకు ఆ విమానాశ్రయంలో ఊడ్చేవారు, సామాన్లు ఎత్తేవారు, కాపలా కాసేవారు అప్పటికే కొన్ని గంటలుగా పనిలో ఉన్నారు. వారిలో మన విశ్వాసులు ఎవరూ లేరని నేననుకోను.

మొదటి ఈస్టరు కూడా అలాగే వచ్చింది. యోహాను సువార్త 20వ అధ్యాయంలో మగ్దలేనే మరియ సమాధి దగ్గరికి వచ్చేసరికి ఇంకా చీకటిగానే ఉంది. ఆ స్త్రీలు పండుగ చేసుకోవడానికి రాలేదు. సుగంధద్రవ్యాలు కొనుక్కొని, చేయవలసిన పని ఒకటి మిగిలిపోయిందని వచ్చారు. లేచిన ప్రభువు మొదట కనబడింది అలా పనిమీద వచ్చినవారికే. ఈ మాట నేను పండుగ ప్రసంగాల్లో అంతగా వినలేదు గాని, రాత్రి డ్యూటీ చేసేవారికి ఇది చెప్పవలసిన మాట.

ఎందుకంటే ఆ 2008 తరువాత శంషాబాదు చుట్టుపక్కల పల్లెల్లో పొద్దు అనే మాటకే అర్థం మారిపోయింది. విమానాశ్రయం కోసం తీసుకున్న భూమి ఇంచుమించు 5,500 ఎకరాలు. అంతకుముందు ఈ ప్రాంతంలో కూరగాయల మళ్ళు, జొన్నచేలు, ద్రాక్షపందిళ్ళు ఉండేవి. అనాబ్-ఎ-షాహీ ద్రాక్ష అంటే హైదరాబాదుకే పేరు. సేద్యం చేసేవానికి కోడికూత ఉంది, మిట్టమధ్యాహ్నం ఉంది, పశువులు ఇంటికి మళ్ళే వేళ ఉంది. దీపాలు పెట్టే వేళకు అందరూ ఇంట్లో ఉంటారు గనుక కుటుంబ ప్రార్థన దానంతట అదే కుదిరేది. విమానాశ్రయానికి పొద్దు కుంకడం లేదు. 2023-24 సంవత్సరంలో ఆ ద్వారాల గుండా రాకపోకలు చేసినవారు రెండున్నర కోట్లమంది. వారికోసం పగలూ రాత్రీ మనుషులు కావాలి. కనుక ఒకే ఇంట్లో తండ్రి పగటి షిఫ్టు, తల్లి రాత్రి షిఫ్టు, కొడుకు క్యాబ్ నడుపుతూ ఎప్పుడు వస్తాడో తెలియదు. నలుగురూ కలిసి మోకరించే వేళ వారంలో ఒక్కటైనా దొరకని కుటుంబాలున్నాయి.

అటువంటి కుటుంబంలోని ఒక సహోదరి ఈ మధ్య నన్ను అడిగిన ప్రశ్నే ఈ నెల నా చేత ఇది వ్రాయించింది. ఆమె రాత్రి పదింటికి డ్యూటీ ఎక్కి పొద్దున దిగుతుంది. "అయ్యగారూ, ఇంటికొచ్చేసరికి కండ్లు మూతలు పడుతయి. మోకాళ్ళ మీద ఉండంగనే నిద్ర పడుతది. మా అత్తమ్మ, 'నువ్వు దేవుణ్ణి విడిచిపెట్టినవు' అంటది. నిజంగ విడిచిపెట్టినట్టేనా?" అని అడిగింది. అత్తగారు పాతకాలపు విశ్వాసురాలు, తెల్లవారుజామున నాలుగింటికి లేచి ప్రార్థించే తల్లి. ఆమె బాధలో నిజముంది. కోడలి భయంలోనూ నిజముంది. ఇద్దరినీ గౌరవించే జవాబు ఏదో వెదకాలి.

ముందుగా మన తాతల సంగతి చూద్దాం. 1912లో దోర్నకల్లు బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్యగారి కాలంలో, తెలుగు పల్లెల్లో ఊళ్ళకు ఊళ్ళు ప్రభువును నమ్ముకున్న రోజుల్లో, విశ్వాసుల్లో ఎక్కువమంది కూలీలు. దొడ్డవారి పొలాల్లో తెల్లవారినది మొదలు పొద్దుగూకేదాకా పని. పగటిపూట ఆరాధనకు రమ్మంటే ఆ రోజు కూలి పోతుంది, కొన్నిచోట్ల దెబ్బలు కూడా పడతాయి. అందుచేత ఉపదేశకులు రాత్రిపూట గంట కొట్టేవారు. పని దిగి, గంజో జావో త్రాగి వచ్చినవారు దీపం చుట్టూ కూర్చుని పాడేవారు. చదువు రాదు గనుక ప్రభువు ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాసప్రమాణం వినివిని కంఠస్థం చేసేవారు. మరునాడు నాట్లు వేస్తూ, కలుపు తీస్తూ అదే నోటితో చెప్పుకునేవారు. మనకు వారసత్వంగా వచ్చిన సాయంకాల ప్రార్థన అక్కడినుండి వచ్చింది. ఆ వేళ ఆకాశం నుండి ఊడిపడలేదు. కూలివాని పని ఎప్పుడు ముగుస్తుందో చూసి సంఘం పెట్టుకున్న వేళ అది. ఆనాటి పెద్దలు ఈనాడు మామిడిపల్లిలోనో పాలమాకులలోనో ఉంటే, పొద్దున షిఫ్టు బస్సు ఎన్ని గంటలకు వచ్చి ఆగుతుందో ముందు కనుక్కొని ఉండేవారని నా నమ్మకం.

ఇక వాక్యం ఏమంటుందో చూడండి. ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం మన ఇండ్లలో గోడలమీద కూడా వ్రాసుకుంటాం. దేవుని మాటలను హృదయంలో ఉంచుకోవాలనీ, పిల్లలకు నేర్పించాలనీ మోషే అక్కడ చెబుతాడు. ఎప్పుడు అంటే, ఆయన గంటలు చెప్పలేదు. ఇంట్లో కూర్చున్నప్పుడు, త్రోవన నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు అన్నాడు. ఈ నాలుగూ లేని మనిషి లేడు. రాత్రి డ్యూటీ చేసే సహోదరికి పండుకొనే వేళ ఉదయం తొమ్మిది, లేచే వేళ సాయంత్రం నాలుగు. ఆమె త్రోవ ఊరి చివరి నుండి బస్సు ఎక్కి వెళ్ళే ఆ ముప్పావుగంట. మోషే మాట ఆమెకు అక్షరాలా సరిపోతుంది. ఆ తల్లి నాలుగింటికి లేచినప్పుడు చేసే పనినే ఈ బిడ్డ సాయంత్రం నాలుగింటికి లేచినప్పుడు చేస్తుంది. కీర్తనల గ్రంథంలో 134వ కీర్తన చాలా చిన్నది, మూడే వచనాలు. అది రాత్రివేళ యెహోవా మందిరంలో నిలిచి సేవచేసేవారి కీర్తన. లేవీయుల్లోనూ రాత్రి డ్యూటీ వారున్నారన్నమాట.

లేచినప్పుడు, పండుకొన్నప్పుడు సరే. మధ్యనున్న ఎనిమిది గంటలూ ఏం చేయాలి? పని చేసేవాడు పనిమీద మనసు పెట్టాలి గదా. సామాను ఎత్తేవాడు కండ్లు మూసుకొని ప్రార్థిస్తే కాలుమీద పెట్టె పడుతుంది.

నెహెమ్యాను చూడండి. షూషను కోటలో రాజుకు గిన్నె అందించే ఉద్యోగం ఆయనది. డ్యూటీలో ఉండగా అర్తహషస్త రాజు ఆయన ముఖం చూసి, నీకేమి కావాలని అడిగాడు. నెహెమ్యా మిక్కిలి భయపడ్డాడు. జవాబు చెప్పకముందు ఆకాశమందలి దేవునికి ప్రార్థన చేశానని 2వ అధ్యాయం 4వ వచనంలో చెప్పుకుంటాడు. రాజు అడిగిన దానికీ ఆయన చెప్పిన దానికీ మధ్య ఎంత సమయముంటుంది? ఒక్క ఊపిరి. మోకాళ్ళు వంచలేదు, పెదవులు కదిపి ఉండడు, చేతిలోని గిన్నె దించనూ లేదేమో. ఆ ప్రార్థనను దేవుడు ఆలకించాడు.

అయితే ఈ భాగాన్ని చదివి, "ఇక మనకు పెద్ద ప్రార్థనలు అక్కరలేదు, ఒక్క ముక్క చాలు" అనుకునేవారిని చూశాను. వారు 1వ అధ్యాయం దాటవేసినవారు. యెరూషలేము గోడలు కూలిపోయాయన్న వార్త నెహెమ్యాకు కిస్లేవు నెలలో వచ్చింది. రాజు అడిగింది నీసాను నెలలో. నడుమ ఇంచుమించు నాలుగు నెలలు. ఆ రోజుల్లో ఆయన ఏడ్చాడు, ఉపవాసమున్నాడు, దివారాత్రులు ప్రార్థించాడు. బావిలో నీళ్ళు ఊరి ఉంటే చేద ఒక్కసారి దించినా నిండుతుంది. ఎండిన బావిలో ఎంత పొడవు త్రాడు వేసి ఏం లాభం? కాబట్టి ఆ సహోదరితో నేను అన్నది ఇది: "అమ్మా, నిద్ర లేచాక సాయంత్రం పావుగంట దేవునికి ఇవ్వు. వంట పొయ్యిమీద పెట్టకముందే ఇవ్వు. డ్యూటీలో ఒక్క ఊపిరిలో చేసే ప్రార్థనకు నీళ్ళు అక్కడే ఊరాలి."

పనిలో దేవుని సన్నిధిని మరువకుండా ఉండడం అనగానే చాలామంది బోధకులు లారెన్సు సహోదరుని పేరు చెబుతారు. ఆయన అసలు పేరు నికొలా ఎర్మాన్. ఫ్రాన్సు దేశస్థుడు, సైన్యంలో పనిచేసి కాలికి గాయమై కుంటివాడయ్యాడు. తరువాత పారిసులోని ఒక మఠంలో చేరితే వంటగదిలో పెట్టారు. 1691లో మరణించాడు. రోమన్ కాథలిక్ మఠవాసి అయినా ఆయన మాటలను, ఉత్తరాలను కూర్చిన చిన్న పుస్తకాన్ని ప్రొటెస్టెంటు విశ్వాసులు ఎంతో ప్రేమతో చదువుతున్నారు. గిన్నెల చప్పుడు మధ్య కూడా బల్ల దగ్గర మోకరించినంత నెమ్మదిగా దేవునితో ఉండేవాడని అందరూ చెబుతారు. అందరూ చెప్పని సంగతులు రెండున్నాయి. వంటపని ఆయనకు స్వభావరీత్యా ఇష్టం లేని పని. ఆ సన్నిధిలో నెమ్మది దొరకకముందు ఇంచుమించు పదేండ్లు నానా అవస్థ పడ్డాడు. మనసు ఎటో పోయేది, మళ్ళీ తెచ్చుకునేవాడు. మరిచిపోయానని తెలిసినప్పుడు ప్రభువుతో ఆ మాట ఒప్పుకొని, కుమిలిపోతూ కూర్చోకుండా మళ్ళీ పనిలోకి, మళ్ళీ సన్నిధిలోకి వచ్చేవాడు. వారం రోజులు ప్రయత్నించి "నావల్ల కాదు" అనేవారు ఆ పదేండ్లను జ్ఞాపకం చేసుకోవాలి.

మన పల్లె విశ్వాసులకు నేను చెప్పేది ఇంకా తేలికైన సంగతి. జ్ఞాపకాన్ని చేతిపనికి కట్టివేయండి. పశువును గుంజకు కట్టినట్టు. ఊడ్చే సహోదరి చీపురు చేతిలోకి తీసుకున్న ప్రతిసారీ "ప్రభువా, ఇది నీకోసం" అనుకోవచ్చు. ట్రాలీలు వరుసగా తోసుకొచ్చే తమ్ముడు, ఒక్కో ట్రాలీ పట్టుకొని పోయే మనిషికోసం లోలోపల ఒక మాట అడగవచ్చు. కరీంనగరం, నిజామాబాదు వైపు నుండి దుబాయి, కువైటు పోయే కుర్రవాళ్ళు, వాళ్ళను పంపడానికి వచ్చి అద్దాల బయట కొంగుతో కండ్లు తుడుచుకునే తల్లులు, వీరంతా ఆ తమ్ముని కండ్లముందే ఉన్నారు. వారికోసం ప్రార్థించడానికి వారి పేర్లు తెలియనక్కరలేదు. క్యాబ్ నడిపేవారికి ఇంకో మేలుంది. వారికి ఎదురుచూపులు ఎక్కువ. పిలుపు వచ్చేదాకా బండిలో కూర్చుని ఫోనులో ఒకదాని వెంట ఒకటి బొమ్మలు జరుపుతూ ఉంటే గంట పోయినట్టే తెలియదు. ఆ గంటలో ఒక్క కీర్తన చదివి, కండ్లు మూసి దానిని తిరిగి చెప్పుకుంటే నెలకు నాలుగు కీర్తనలు నోటికి వస్తాయి. ప్రతి ఉదయం వాట్సాప్‌లో పూలబొమ్మమీద వాక్యం వేసి వందమందికి పంపేవారున్నారు. పంపడం మంచిదే. పంపినవారు మధ్యాహ్నానికి ఆ వాక్యం ఏమిటో చెప్పగలిగితే ఇంకా మంచిది.

ఒక జాగ్రత్త చెప్పాలి. చీపురు పట్టినప్పుడల్లా అనుకునే మాట మంత్రం కాకూడదు. విస్తారంగా పలికితే దేవుడు వింటాడని అనుకోవద్దని మత్తయి 6వ అధ్యాయంలో ప్రభువే హెచ్చరించాడు. ఒకనాడు మరిచిపోతే కీడు జరుగుతుందన్న భయం పట్టుకుంటే, అది తాయెత్తు కట్టుకోవడంతో సమానమే. తండ్రి ఇంట్లో ఉన్నాడని తెలిసిన బిడ్డ నిమిషానికోసారి పిలవదు. ఆడుకుంటూ ఆడుకుంటూ తలెత్తి చూస్తుంది, అంతే.

రాత్రి డ్యూటీకంటె పెద్ద శోధన మన ప్రాంతానికి మరొకటి వచ్చింది. అది డబ్బు. విమానాశ్రయం రాకముందు భూములు అమ్ముకున్నవారు కొందరు, వచ్చాక ఔటర్ రింగురోడ్డు దగ్గర అమ్మినవారు కొందరు. ఎకరం ధర ఎంత పెరిగిందో శంషాబాదు వైపు ఎవరినడిగినా చెబుతారు. నేను పైన చెప్పిన ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయమే 10 నుండి 12 వరకు చదవండి. తాము కట్టని పట్టణాలు, తాము నింపని ఇండ్లు, తాము త్రవ్వని బావులు, తాము నాటని ద్రాక్షతోటలు చేతికి వచ్చి కడుపునిండా తిన్నాక దేవుణ్ణి మరిచిపోకుండా జాగ్రత్తపడాలని మోషే హెచ్చరిస్తాడు. అరణ్యంలో ఆకలితో ఉన్నప్పుడు ఈ హెచ్చరిక ఇంత అవసరం లేకపోయింది. ఇక్కడ ద్రాక్షతోటలు వచ్చేదానికి బదులు పోయి డబ్బు వచ్చింది, అంతే తేడా. భూమి డబ్బు పంచుకునే దగ్గర అన్నదమ్ములు మాటలు మానుకున్న ఇండ్లు, కోర్టు చుట్టూ తిరిగే ఇండ్లు నాకు తెలుసు. పూరిగుడిసెలో చాపమీద అందరూ కలిసి మోకరించిన కుటుంబం, మార్బుల్ బండలు పరచిన హాలులో మోకరించడానికి అన్నను పిలవలేకపోతున్నది. పాత మాట్లాడని అన్నకు ఫోను చేసి "అన్నా, నాయిన పోయిన దినం ఇంట్లో ప్రార్థన పెట్టుకుంటున్నాం, నువ్వు రా" అనగలిగితే, ఆ ఇంటివారు దేవుణ్ణి జ్ఞాపకం చేసుకున్నట్టే.

ఎవరూ చూడని చోట కూడా ఈ జ్ఞాపకం పరీక్షకు వస్తుంది. విమానాశ్రయంలో బంగారం పట్టుబడిందన్న వార్త పత్రికల్లో తరచుగా చూస్తూనే ఉన్నాం. నెల జీతంతో ఇల్లు గడవని కుర్రవానికి, ఒక్క పొట్లం బయటికి దాటిస్తే ఇంత ఇస్తామని ఎవరైనా ఆశ చూపవచ్చు. మరుగుదొడ్డి కడిగే సహోదరికి గోడవారగా ఎవరో మరిచిపోయిన ఉంగరం కనబడవచ్చు. పోతీఫరు ఇంట్లో యోసేపుకు శోధన వచ్చినప్పుడు, యజమానునికి తెలిస్తే ఏమవుతుందన్నది ఆయన నోటి చివరి మాట కాలేదు. దేవునికి విరోధంగా ఎలా పాపం చేయగలనన్నాడు (ఆదికాండము 39:9). ఆయన ఉన్నది పరాయి దేశం, దాసత్వం. చుట్టూ ప్రార్థన చేసే ఇల్లు ఒక్కటీ లేదు, ఆదివారం లేదు, గుడిగంట లేదు. ఏ గంటా మోగని చోట ఆయనకు దేవుడు జ్ఞాపకమున్నాడు. ఉంగరాన్ని పోయిన వస్తువుల దగ్గర అప్పగించి వచ్చి, మళ్ళీ చీపురు పట్టుకునే సహోదరికి ఆ రోజు మోకాళ్ళమీద నిద్ర వచ్చినా నేను కంగారుపడను.

ఇంటివారికి కూడా ఒక మాట. రాత్రి పనిచేసి వచ్చిన కోడలిని నిద్రపోనివ్వండి. ఏలీయా బదరీవృక్షం క్రింద పడుకొని చావు కోరుకున్నప్పుడు, దూత ముందు రొట్టె పెట్టి నీళ్ళిచ్చాడు, రెండుసార్లు పడుకోనిచ్చాడు (1 రాజులు 19). ఆ తరువాతే ప్రయాణం సంగతి చెప్పాడు. అత్తగారు నాలుగింటి ప్రార్థనలో డ్యూటీలో ఉన్న కోడలి పేరు ఎత్తితే, అప్పటికి కోడలు ఎక్కడో ఒక పొడవాటి వసారా తుడుస్తూ ఉంటుంది. ఇద్దరూ ఒకే వేళ మెలకువగా ఉన్నవారే. ఆ తల్లికి ఈ సంగతి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "డ్యూటీకి పోయేటప్పుడు రొట్టెలు నేనే చేసి పెడుత తీయండి" అన్నది.

ఆదివారం గురించి సంఘపెద్దలు ఆలోచించాలి. వారంలో ఒకే దినం సెలవు, అదీ ఆదివారం పడుతుందన్న నమ్మకం లేదు. మూడు వారాలు రాకపోతే "వాడు పడిపోయాడు" అని చెప్పుకోవడం తేలిక. ఎవరి డ్యూటీ ఎప్పుడో ఒక కాగితంమీద వ్రాసి పెట్టుకోవడం అంతకంటె తేలిక. కొన్ని పల్లెల్లో గుడారపు ప్రార్థన, ఇంటింటి ప్రార్థన ఎప్పటినుండో గురువారం రాత్రి ఎనిమిదింటికి జరుగుతున్నాయి. ఆ వేళకే రాత్రి షిఫ్టువారు బస్సు కోసం రోడ్డుమీద నిలబడి ఉంటారు. అదే కూటాన్ని సాయంత్రం అయిదింటికి జరిపితే పగటివారు రాలేరు. రెండుసార్లు పెడదామంటే పెద్దలకు శ్రమ. అయినా నెలకొక్కసారి బుధవారం సాయంత్రం అయిదింటికి రాత్రి డ్యూటీవారికోసం ముప్పావుగంట కూడిక, దానిలోనే నెలకు ఒకసారి ప్రభురాత్రి భోజనం, ఇది పెద్ద పని కాదు. పాస్టరుగారు, ఒక పెద్ద, పాడేవారు ఇద్దరు చాలు. ఏడున్నరకు వారిని బస్సు ఎక్కించి రావచ్చు. మీ సంఘంలో ఇలాంటి ఏర్పాటు ఇప్పటికే ఉంటే, ఏ దినం, ఏ వేళ, ఎంతమంది వస్తున్నారో ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు వ్రాయండి. వచ్చే నెల ఇతర సంఘాలకు తెలియజేస్తాం.